దేవరాజు చెయ్యి

మా అవ్వ లలితమ్మకు పెళ్లిచూపులు రెండుసార్లు జరిగాయి. వరుడు మాత్రం ఒక్కడే, మా తాత కురుమూర్తి. మొదటిసారి తాత తరఫువాళ్లు వచ్చి ఆమె ముఖం చూశారు. రెండోసారి తాతకు అప్పిచ్చిన సావుకారి వచ్చి ఆమె చేతులు చూశాడు.

అది 1988 ఎండాకాలం. అవ్వది రాజోలి, తుంగభద్ర ఒడ్డున ఉన్న నేతగాళ్ల ఊరు. ఆమె నాయిన వీరయ్యకు కొడుకులు లేరు. అందుకని మగ్గం ముందు కూతుర్నే కూర్చోబెట్టాడు. ఇరవై ఏళ్లకే ఆమె దెబ్బ గట్టిదని ఊళ్లో పేరు. దెబ్బ అంటే, అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ పోయిన ప్రతిసారీ కొత్త పోగును దగ్గరికి లాగి కొట్టేది. ఆమె మాట దెబ్బ కూడా గట్టిదేనని తాత అంటాడు గానీ, ఆమె ఇంట్లో లేనప్పుడే అంటాడు.

తాతది గద్వాల. పెళ్లి నిశ్చయమైన పది పదిహేను రోజులకు గద్వాల నుంచి వెంకటేశం సావుకారి గొడుగు పట్టుకుని రాజోలికి వచ్చాడు. నూలు పని మీద వచ్చి ఇటు తిరిగానన్నాడు. చాయ్ ఇస్తే తాగాడు. తాగుతూ మగ్గం మీద ఉన్న అవ్వ వైపే చూశాడు.

"ఒక్క చీరకు ఎన్ని దినాలు పడుతది పిల్లా?" అని అడిగాడు.

"ఎవరి చీరకు?" అన్నది అవ్వ.

"ఎవరిదైతేంది. జర చెయ్యి చూపియ్యి."

ఆమె చూపించలేదు. నేస్తున్న చేతుల్ని ఎంతసేపని దాస్తుంది? ఆయన వంగి, వేళ్లు ఎంత జోరుగా కదులుతున్నాయో చూసుకున్నాడు. "మంచిగున్నయి. కురుమూర్తి అదృష్టవంతుడు," అని లేచాడు. కురుమూర్తి అదృష్టానికి సావుకారి ముఖం ఎందుకంత వెలిగిందో అవ్వకు అర్థం కాలేదు.

ఆయన పోయాక, "నాయినా, బర్రెను కొనేటోడు పొదుగు చూసినట్టు చూసిండు. నన్ను కట్టుకునేది కురుమూర్తా, ఈయనా?" అన్నది.

వీరయ్యకు మాత్రం అర్థమైంది. ఆయన చాయ్ గిన్నె కడిగి బోర్లించి, అప్పుడు చెప్పాడు. "ఆ ఇంటి మగ్గం మీద అప్పున్నట్టుంది బిడ్డా."

గద్వాలలో పట్టు, జరీ సావుకారి ఇస్తాడు. ఇంట్లోవాళ్లు నేసి, చీర అప్పజెప్పి, మజూరి తీసుకుంటారు. రోగమో పెళ్లో వచ్చినప్పుడు ముందుగా డబ్బు కావాలంటే అదీ ఆయనే ఇస్తాడు. అది తీరేదాకా ఆ మగ్గం ఇంకొకరికి నేయకూడదు. ఆ ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్నీ ఆ అప్పు కిందికే వస్తాయి. కొత్తగా కోడలొస్తే ఆమె చేతులు కూడా. మజూరి మిత్తికి సరిపోతుంది, అసలు అట్లనే ఉంటుంది. మా అవ్వ గద్వాలకు కోడలిగా పోతే వెంకటేశం సావుకారికి పైసా ఖర్చు లేకుండా ఒక నేతగత్తె దొరికినట్టే.

"ఈ సంబంధం వద్దు," అన్నాడు వీరయ్య.

"వద్దనాలంటే నేననాలె. ముందు ఆయననే అడుగుదం. చెప్పకుండ దాచిండా, చెప్పనీకె నోరు రాలేదా, తెలుసుకోవాలె గద," అన్నది అవ్వ.

ఆమె తాతను వదులుకోకపోవడానికి కారణం తాత అందం కాదు. పెళ్లి ఫొటో నేను చూశాను. అందులో తాత, దొంగతనం అంటగట్టడానికి పట్టుకొచ్చిన మనిషిలా నిలబడి ఉన్నాడు.

ఇద్దరూ మల్దకల్‌లో కలిశారు. గద్వాలకూ రాజోలికీ మధ్య దారిలో తిమ్మప్ప గుడి ఉంది. దేవుని పేరు చెబితే ఎవరూ ఏమీ అనరు. అవ్వ వెంట ఆమె మేనత్త భాగ్యమ్మ వచ్చింది. భాగ్యమ్మ భర్త పోయినప్పటి నుంచి తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. కాపలా పనంటే ఆమెకు ప్రాణం.

"అప్పెంత?" అని అవ్వ గుడి మెట్ల మీద కూర్చోకముందే అడిగింది.

"నాలుగు వేలు అయింది మిత్తితోని," అన్నాడు తాత.

"ఎవరు తెచ్చిండ్రు?"

"నేనే. మా అన్న దేవరాజును కర్నూలు దవాఖానలో ఉంచినం. ఊపిరితిత్తులు పోయినయన్నరు. అన్న వద్దనె. నేనే తెచ్చిన. సగానికెక్కువ మగ్గం మీదున్న పట్టు, జరీ ఖరీదు. అది నేసి అప్పజెప్తే దిగుతుండె. అన్న నడుమనే పోయిండు."

"పెండ్లిచూపులల్ల ఎందుకు చెప్పలే?"

"చెప్దామనే వచ్చిన. నువ్వు ఉప్మా తెచ్చినవు. తిన్నంక చెప్దామనుకున్న. తిన్నంక ఇంకా చెప్పబుద్ధి కాలే."

భాగ్యమ్మ ప్రసాదం తింటూ, "నిజమే చెప్తుండు పిల్లగాడు," అన్నది.

తాత మిగిలింది కూడా చెప్పాడు. దేవరాజు పోయి రెండేళ్లయింది. ఆయన సగం నేసి వదిలిన చీర మగ్గం మీదే ఉంది. దాని వెనుక పడుగులో, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగుల్లో, ఇంకో చీరకు సరిపడా మిగిలి ఉంది. తల్లి తిరుపతమ్మ ఆ పడుగును తెంపనివ్వడం లేదు. గద్వాల చీరకు ఒంటి భాగం నూలు, అంచులు పట్టు. ఆ రెండూ ప్రతి పోగు దగ్గరా కలవాలి. దానికి ఒక మనిషి చాలడు. ముందు ఒకరు నేస్తుంటే, పక్కన ఒకరు కూర్చుని అవతలి అంచు నాడె వేయాలి. తాత చిన్నప్పటి నుంచి అన్న పక్కన కూర్చున్నవాడే. ముందు కూర్చుని నేయడం ఆయనకు రాదు. సావుకారి ఇద్దరు నేతగాళ్లను తెచ్చి, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే దేవరాజు గుంటలో కూర్చోబెట్టాడు. ఒకడు పూటకే లేచిపోయాడు, ఇంకొకడు మర్నాటికి లేచిపోయాడు.

"ఎందుకు పోయిండ్రు?" అడిగింది అవ్వ.

"వాళ్లు దెబ్బ కొట్టకముందే పక్క నుంచి నాడె వస్తున్నదంట. ఎవరో తొందరపెట్టినట్టున్నదంట. దేవరాజు ఇంకా ఆడనే కూసున్నడని ఊరంత చెప్పిండ్రు."

"పక్కన కూసున్నది ఎవరు?"

"నేనే."

అవ్వకు నవ్వొచ్చింది. కానీ తాత నవ్వడం లేదు.

"మా అన్న దెబ్బ అట్లుంటుండె," అన్నాడు. "నా చెయ్యి ఆ లెక్కకే పోతది. ఆపుదామంటే ఆగది. వాళ్లు భయపడిండ్రంటే పడరా? నాకే భయమైతుంది."

అవ్వ భాగ్యమ్మ చేతిలోని ప్రసాదంలో సగం తీసుకుని తిన్నదట. తర్వాత ఆమె అన్నది, "ఇప్పుడు నేను మా నాయిన బిడ్డను. బయటి మనిషిని. నేను నేస్తే సావుకారి మజూరి లెక్కగట్టాలె. పెండ్లయినంక నేస్తే మీ ఇంటి మనిషిని, మజూరి మిత్తికి పోతది. తెల్వలేదా?"

"తెలిసింది."

"పెండ్లికి ముందు మీ ఇంటి గడప తొక్కరాదు నేను. ఆ పడుగే మా ఇంటికి రావాలె. తెస్తవా?"

"అమ్మ తెంపనియ్యది."

"ఎవరు తెంపుమన్నరు? చుట్టుకొని తే."

వీరయ్యా తాతా కలిసి గద్వాలలో సావుకారి దగ్గరికి పోయారు. ఆయనకు ఈ ఏర్పాటు నచ్చలేదు. కోడలయ్యాక ఊరికే వచ్చే చేతులకు ఇప్పుడు మజూరి కట్టడం ఎవరికి నచ్చుతుంది? కానీ ఆ చీర వనపర్తిలో ఒక పెద్దింటివాళ్లు అడిగింది. దేవరాజు నేసిందే కావాలని వాళ్లు రెండేళ్లుగా వేరే చీర తీసుకోలేదు. సావుకారి చివరికి ఒప్పుకున్నాడు. ఆ రెండు చీరలూ, తర్వాత ఇంకో రెండు పడుగులూ నేస్తే అసలు తీరినట్టు. మిత్తి వదిలేస్తాడు. దానికి ఒక షరతు పెట్టాడు.

"చచ్చినోని చెయ్యి, నీ బిడ్డ చెయ్యి కలిసిన జాగ నా ఏలికి తగలొద్దు వీరయ్యా. తగిలిందంటే ఆ చీర నేను ముట్ట."

పెళ్లి వైశాఖం నుంచి మాఘానికి వాయిదా పడింది.

పడుగును మగ్గం నుంచి దించే రోజు తిరుపతమ్మ కాళ్లకు అడ్డం పడుతుందని తాత భయపడ్డాడు. ఆమె అడ్డం పడలేదు. కొడుకు నేసిన గుడ్డ చుట్టనూ, పోగులు పట్టి ఉన్న దువ్వెనలాంటి పన్నెనూ, వెనక పడుగు చుట్టనూ కలిపి తెల్ల ధోవతిలో తానే చుట్టింది. మూడు చోట్ల తాళ్లు కట్టింది. తాత దాన్ని భుజం మీద పెట్టుకుని బస్టాండుకు నడుస్తుంటే తలుపులకు వచ్చి చూసినవాళ్లు ఏమనుకున్నారో వాళ్లకే తెలియాలి. ఆమె వెనకాలే నడిచింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి, "మల్ల తేవాలె నాయినా," అన్నది. ఎవరిని తేవాలో చెప్పలేదు.

బస్సులో కండక్టర్ ఆ మూట చూసి అడిగాడు, "ఏందది?"

"మా అన్న నేసిన పడుగు."

"మీ అన్న ఏడి?"

"లేడు."

పక్క సీటులోని ఆవిడ కోడిని చంకనబెట్టుకుని లేచి ముందుకు పోయింది. అయిజ దాకా తాత పక్కన ఎవరూ కూర్చోలేదు. బస్సంతా కిక్కిరిసి ఉంటే తాత ఒక్కడే కాళ్లు చాపుకుని వచ్చాడని అవ్వ ఇప్పటికీ దెప్పుతుంది.

తాత రాజోలిలో దూరపు బంధువు మాసయ్య ఇంట్లో దిగాడు. తెల్లారగానే వచ్చి, పొద్దు గూకగానే పోయేవాడు. పెళ్లి కాకముందే అత్తగారింట్లో పని చేస్తున్న వరుడిని చూడడానికి వీధిలోవాళ్లు ఏదో పని పెట్టుకుని వచ్చేవాళ్లు. "ఏం అల్లుడా, కట్నం కింద నిన్నే రాసిచ్చిండ్రా?" అని ఒక ముసలాయన రోజూ అడిగేవాడు. భాగ్యమ్మ మొదటిరోజు ఇద్దరి మధ్యన కూర్చుంది. పట్టు నాడె పోయి ఆమె డొక్కలో తగిలింది. ఆ తర్వాత విసనకర్ర పట్టుకుని వెనక కూర్చుంది. ఎవరి మోచేయి ఎవరికి తగిలినా వీపు మీద ఒకటి పడేది. ఎక్కువ తాతకే పడేది.

మొదటి రోజు అవ్వ జానెడు నేసింది. వీరయ్య గుడ్డను వెలుగుకు పట్టి చూశాడు. దేవరాజు నేసింది ముగిసి ఆమెది మొదలైన చోట అడ్డంగా గీత ఉంది. వేలితో రాస్తే మెట్టు దిగినట్టు తగిలింది. ఆమె దెబ్బ గట్టిది, దేవరాజుది మెత్తన. ఆమె పోగులు దగ్గరగా కూర్చున్నాయి, ఆయనవి ఊపిరి పీల్చుకుంటున్నట్టు వదులుగా ఉన్నాయి.

జానెడూ విప్పింది. ఒక్కొక్క పోగే లాగి తీసింది. మర్నాడు మెత్తగా కొట్టింది. గీత పోలేదు. మళ్లీ విప్పింది. మాటిమాటికీ విప్పితే పట్టు పొరలు లేచి పాడైపోతుంది. ఇంకొక్కసారి కంటే విప్పడానికి లేదని వీరయ్య చెప్పాడు. ఆ చీర పోతే పట్టు ఖరీదు అప్పుకే కలుస్తుంది. ఆ అప్పుతో పెళ్లి చేయనని ఆయన ముందే చెప్పి ఉన్నాడు.

అవ్వ నాడె కింద పెట్టి తాత వైపు తిరిగింది.

"మీ అన్న ఎట్ల కొడుతుండె? చెప్పు."

"చెప్పరాదు నాకు."

"చేసి చూపియ్యి."

తాత ఆమె పక్కన కూర్చునే ఎదుటి గాలిలో చేయి ఊపాడు. ఒకటి గట్టిగా. రెండోది తగిలీ తగలనట్టు. మళ్లీ ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. అట్లా పోయి పోయి చేయి గాలిలోనే ఆగింది. కొంచెంసేపు ఆగి మళ్లీ కదిలింది.

"ఆడ ఎందుకు ఆగినవు?"

తాత తన చేతి వైపు చూసుకున్నాడు. ఆగినట్టు ఆయనకు తెలియదు. తర్వాత మెల్లగా అన్నాడు, "ఆడ దగ్గుతుండె."

అవ్వ దేవరాజు నేసిన గుడ్డ మీదికి వంగింది. కళ్లకు కనబడదు. కళ్లు మూసుకుని వేలితో రాస్తే తెలుస్తుంది. కొన్ని పోగుల తర్వాత ఒకచోట కొంచెం వదులు. మళ్లీ కొన్ని పోగులు, మళ్లీ వదులు. చీర మొదట్లో అవి దూరదూరంగా ఉన్నాయి. చివరికి వచ్చేసరికి దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఆ మనిషి ఎట్లా పోయాడో అంతా ఆ గుడ్డలో ఉంది.

మూడోసారి ఆమె దగ్గు కోసం ఆగుతూ నేసింది. ఎప్పుడు ఆగాలో తాత చెప్పలేదు. పక్క నుంచి నాడె రాకపోతే ఆగాలి, వస్తే కొట్టాలి, అంతే. సాయంత్రానికి ఆమె నాడె కోసం చూడడం కూడా మానేసింది. నాడె ఎప్పుడు రాదో చేతికి ముందే తెలుస్తోంది. అట్లా ఆగినప్పుడల్లా ఇంట్లో ఏ చప్పుడూ ఉండేది కాదు. భాగ్యమ్మ విసనకర్ర కూడా ఆగేదట.

పొలం నుంచి వచ్చిన వీరయ్య వాకిట్లోనే నిలబడిపోయాడు. భాగ్యమ్మను బయటికి పిలిచాడు.

"లోపల నేస్తున్నదెవరు అక్కా?"

"మన పిల్లనే."

"కాదు, ఎవరో మొగమనిషి."

"పోయి చూసుకో నువ్వే," అన్నది భాగ్యమ్మ. ఆమె ఇక లోపల కూర్చోలేదు. ఆ రోజు నుంచి గడప మీదే కూర్చుని కాపలా కాసింది.

గీత లేదు. వీరయ్య వెలుగుకు పట్టి చూశాడు, వేలితో రాశాడు, నాలుకతో తడిపి రాశాడు. ఏమీ తగల్లేదు. సంతోషించాల్సింది పోయి ఆయన చేతులు కడుక్కున్నాడు.

నెల తిరగకుండా మొదటి చీర గద్వాలకు పోయింది. సావుకారి వేలు అంచు నుంచి అంచుకు మూడుసార్లు తిరిగింది. ఎక్కడా ఆగలేదు. ఆయన తాత వైపు చూసి, "దేవరాజే నేసినట్టున్నది గదరా," అని చీర మడత పెట్టి, అప్పుడు భయపడ్డాడు. మిగిలిన చీరకూ, తర్వాతి రెండు పడుగులకూ మాట తిప్పలేదు. తాత పుష్యమాసం చివరలో వచ్చి, అప్పు తీరిందని చెప్పి, వీరయ్య కాళ్లు మొక్కబోతే, "నాకెందుకు, నేసింది అది," అని ఆయన పక్కకు జరిగాడు. తాత అవ్వ వైపు వంగాడట. అవ్వ విసనకర్ర అందుకుందట. పెళ్లి మాఘంలో అయింది.

ఇక్కడికి అయిపోవాల్సింది. అప్పు పోయింది, పెళ్లయింది, అవ్వ చేతులు ఎవరి కిందా లేవు. గద్వాలకు వచ్చిన నాలుగోరోజు ఆమె దేవరాజు గుంటలో దిగి, తన సొంత పడుగు ఎక్కించుకుని, తన పట్టుతో, తన ఇష్టం వచ్చిన రంగుతో నేయడం మొదలుపెట్టింది. తన దెబ్బ తాను కొడదామనుకుంది.

రాలేదు. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా పడింది. పక్కన తాత నాడె అదే లెక్కకు వచ్చింది. దేవరాజు దగ్గే చోటికి వచ్చేసరికి చేయి ఆగింది.

గోడ అవతల నుంచి తిరుపతమ్మ గొంతు వినబడింది.

"ఇయ్యాల దగ్గు లేదేంది పెద్దోడా? తగ్గిందా?"

అవ్వ తాత వైపు చూసింది. తాత మగ్గం వైపు చూశాడు. గోడ అవతల ముసలామె మళ్లీ అడగలేదు. తగ్గిందనుకున్నట్టుంది.

తిరుపతమ్మకు పిచ్చి లేదు. లలిత అనే కోడలు ఉందని, ఆమె బాగా వండుతుందని, చింతపండు ఎక్కువ వేస్తుందని అందరికీ చెప్పేది. దేవరాజు పోయాడని కూడా తెలుసు. ఏటా ఆయన పేరున బియ్యం ఇచ్చేది. కానీ మధ్యాహ్నం మగ్గం మొదలవగానే గోడకు వీపు ఆనించి కూర్చునేది. మగ్గం గదిలోకి తొంగి చూసేది కాదు. చూస్తే కనబడేది కోడలే కదా. వింటూ అన్నం తినేది. దేవరాజు పోయిన రెండేళ్లలో ఆమె పగటిపూట అన్నం ముట్టలేదని చుట్టుపక్కలవాళ్లు చెప్పారు. "అన్నం తిన్నవా పెద్దోడా?" అని అడిగేది. అవ్వ జవాబు చెప్పేది కాదు. నేయడం ఆపేదీ కాదు.

ఒకసారి వీరయ్య బిడ్డను చూడడానికి వచ్చాడు. మగ్గం మీది గుడ్డను వేళ్లతో పట్టుకున్నాడు.

"నీ చెయ్యి యాడబోయింది బిడ్డా?" అన్నాడు.

"వస్తది నాయినా. ఇంకా పాత అలవాటు పోలే."

"ఏడాదైంది."

అవ్వ ఆ రాత్రి అన్నం తినలేదు. ఆమె అన్నం మానేయడం ఆ ఇంట్లో అదే మొదలు, అదే ఆఖరు. తాత భయపడ్డాడు. సావుకారికి దొరకకుండా కాపాడుకున్న చేతుల్ని తన అన్నకు ఇచ్చేసిందని ఆయనకు అప్పుడు అర్థమైంది. వారం తిరగకుండా తాత వెనక గదిలో కొత్త గుంట తవ్వాడు. పట్టు అంచు కలపనక్కర్లేని ఉత్త నూలు గుడ్డ నేసే చిన్న మగ్గం పెట్టాడు. తువ్వాళ్లకు, లుంగీలకు పక్కన మనిషి అక్కర్లేదు.

"నేను పక్కనుంటే నా చెయ్యి నిన్ను గుంజుతది," అన్నాడు. "నువ్వొక్కదానివే కూసో. నీది నీకొస్తది. పట్టు మజూరి రాకుంటే రాకపోనీ."

మా తాత జీవితంలో మాట్లాడిన పొడుగు మాట అదే అయ్యుంటుంది.

మర్నాడు పొద్దున అవ్వ ఒక్కతే వెనక గదిలో కూర్చుంది. మొదట రెండు వేళ్ల మేర తడబడింది. తర్వాత దెబ్బ గట్టిపడింది. ఒక్కటే దెబ్బ, గట్టిది, తనది. పోగులు దగ్గరదగ్గరగా కూర్చున్నాయి. ఎక్కడా ఆగలేదు. ఎనిమిదో తరగతిలో నేర్చుకున్న పాట ఒకటి గుర్తొచ్చి పాడుకున్నానని చెబుతుంది. అవ్వ గొంతు ఎట్లాంటిదో నాకు తెలుసు. ఆ పాట మగ్గానికి కూడా వినబడకుండా ఉంటే బాగుండు.

మధ్యాహ్నమైంది. తిరుపతమ్మ తన గోడ దగ్గరికి వచ్చి కూర్చుంది. ముందు గదిలోని మగ్గం చప్పుడు లేదు. వెనక గది నుంచి ఎవరిదో కొత్త చప్పుడు వస్తోంది. ఆమె కంచం పక్కకు జరిపింది.

"కురుమూర్తీ, ఎవరు నేస్తుండ్రురా?"

"లలిత అమ్మా."

"అన్న ఏడి?"

ముసలామె లేచింది. ముందు గదిలోకి పోయి ఖాళీ గుంటలోకి వంగి చూసింది. గుంట అంచు మీద చేయి వేసి తడిమింది. వెనక గదికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి కోడలి వైపు చూసింది. తిట్టలేదు. ఏడవలేదు. పరాయి ఇంటికి వచ్చి దారి అడుగుతున్నట్టు, "మా పెద్దోడు ఇటు వచ్చిండా అమ్మా?" అని అడిగింది.

అవ్వ చేయి గాలిలో ఆగింది. ఈసారి దగ్గు కోసం కాదు.

ఆమె గుంటలోంచి లేచింది. నేసిన మూరెడు గుడ్డను ఒకసారి అరచేత్తో రాసి చూసుకుంది. ముందు గదిలోకి పోయి దేవరాజు గుంటలో కాళ్లు పెట్టింది. తాతను పిలవలేదు. ఆయనే వచ్చి పక్కన కూర్చున్నాడు. మగ్గం మొదలైంది. తిరుపతమ్మ కాసేపు నిలబడి విన్నది. తర్వాత గోడకు వీపు ఆనించి కూర్చుని కంచం దగ్గరికి లాక్కుంది.

"ఇంతసేపు యాడ తిరుగుతున్నవు పెద్దోడా," అన్నది, చింతపండు ఎక్కువైన చారు కలుపుకుంటూ.

వెనక గదిలోని కొత్త గుంటను అవ్వ ఆ వారమే తట్టలతో మట్టి మోసి పూడ్చింది. ఉండనీ, అమ్మ పోయినంకనన్నా పనికొస్తది, అని తాత అన్నాడట. "అది ఉంటే నేను రోజూ ఆమె పోయేది ఎప్పుడని చూస్త," అన్నది అవ్వ.

తిరుపతమ్మ ఇంకో ఏడేళ్లు బతికింది. పూడ్చిన గుంటను మళ్లీ ఎవరూ తవ్వలేదు. ఇప్పుడు ఆ గదిలో నా మంచం ఉంది. వానలు పడ్డప్పుడల్లా మంచం కింద నేల, మనిషి కూర్చునేంత మేర కుంగుతుంది. అవ్వ తట్టెడు మట్టి తెచ్చి పోసి, కాలితో తొక్కి, పేడతో అలుకుతుంది. ఎందుకు కుంగుతుందని అడిగితే ఎలుకలు అంటుంది. ఇంట్లో పిల్లి ఉంది కదా అంటే, "అయితే నువ్వే బరువెక్కినవు, జర తిండి తగ్గియ్యి," అని, మట్టి చేతులు నా చొక్కాకే తుడుచుకుని ముందు గదిలోకి పోతుంది.